మైనస్ 70 మిల్లీవోల్టులు: విశాఖలో న్యూరోసైన్స్ కోసం నాలుగేళ్ల డిగ్రీ ప్లాన్ చేసుకున్న నా అనుభవం

ఇంటర్ సెకండియర్ జువాలజీలో నాడీవ్యవస్థ పాఠం నడుస్తోంది. సార్ బోర్డు మీద నాడీకణం పొర గీసి, లోపలివైపు మైనస్‌లు, బయటివైపు ప్లస్‌లు పెట్టి, పక్కన "మైనస్ 70 మిల్లీవోల్టులు" అని రాశారు. "డెబ్బయ్యే ఎందుకు సార్? అరవయ్యో తొంభయ్యో ఎందుకు కాదు?" అని అడిగాను. "అది పరీక్షలో రాదమ్మా. బొమ్మ బాగా ప్రాక్టీస్ చెయ్యి" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను, సిలబస్ పూర్తి చేయాలి కదా. కానీ ఆ డెబ్బై నన్ను పట్టుకుని వదల్లేదు. న్యూరోసైన్స్, అంటే మెదడూ నరాల శాస్త్రం, చదవాలన్న కోరిక దాన్నుంచే పుట్టింది. ఆ తర్వాత నేను పడ్డ తిప్పలన్నీ దాని వెనక పడినవే.

2024 ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. బైపీసీలో 931. మాది కంచరపాలెం. నాన్న పోర్టులో కాంట్రాక్టు కింద ఎలక్ట్రీషియన్, అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. బైపీసీలో ఆ మార్కులొచ్చిన పిల్ల డాక్టర్ కాక మరేమవుతుంది అని వీధంతా తేల్చేసింది. మే 5న నీట్ రాశాను, ఫీజు 1600 రూపాయలు. ఫలితాలు జూన్ 14న అన్నారు గానీ జూన్ 4 సాయంత్రమే ఇచ్చేశారు. ఆ రోజు ఎన్నికల కౌంటింగ్. ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది, నేను వంటింట్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. 438. ఆ ఏడాది మార్కుల జోరుకి అది ఎందుకూ కొరగాదని అప్పటికప్పుడే అర్థమైంది. అమ్మకి చెప్పాను. అమ్మ స్టవ్ కట్టేసి, కొంచెంసేపు ఏమీ అనకుండా నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఐదు రోజులకే, జూన్ 9 ఆదివారం, ఐసర్ అనే సైన్స్ పరిశోధన విద్యాసంస్థల ప్రవేశ పరీక్ష. ఫీజు 2000. నాకు అసలు ఆశ దాని మీదే. తిరుపతిలోనూ, మనకి దగ్గరగా ఒడిశా బరంపురంలోనూ ఐసర్‌లున్నాయి, అక్కడ ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, బైపీసీ వాళ్లకీ అర్హత ఉంది. కానీ అర్హత ఉండటం వేరు, గట్టెక్కడం వేరు. మొత్తం 60 ప్రశ్నలు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ తలా 15. రైటుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టుకోని నేను ఆ పదిహేనులో మూడింటికి జవాబు పెట్టి మిగతావి ఖాళీగా వదిలేశాను. అంటే పావు పేపరు లేకుండానే పోటీకి దిగానన్నమాట. నెలాఖరుకి వచ్చిన ర్యాంకుతో ఎక్కడా సీటు రాలేదు.

బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో సరిగ్గా నేను కోరుకున్నట్టు నాలుగేళ్ల బీఎస్ ఉంది. బయాలజీని మేజర్‌గా తీసుకోవచ్చు, అక్కడే న్యూరోసైన్స్ సెంటర్ కూడా ఉంది. అర్హతల పేజీ తెరిచాను. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ప్రధాన సబ్జెక్టులుగా చదివి ఉండాలి. బయాలజీ అదనంగా ఉంటే ఉండొచ్చు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. మెదడు గురించి చదవాలంటే బైపీసీయే తీసుకోవాలని పదో తరగతిలో అందరూ చెప్పారు, నేనూ నమ్మాను. ఇది చదువుతున్నవాళ్లలో పదో తరగతి పిల్లలుంటే, ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి. రెండేళ్లు ముందు నాకెవరైనా చెప్పి ఉంటే, ఎంత కష్టమైనా బైపీసీతో పాటు లెక్కలు కూడా చదివేదాన్ని.

జూన్ చివర్లో మా మావయ్య పట్టుబట్టి ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లాడు. న్యూరోసైన్స్ పేరుతోనే డిగ్రీ ఇచ్చే విదేశీ యూనివర్సిటీల బ్రోచర్లు బల్ల మీద పరిచారు. ఆఖరుకి తెల్లకాగితం మీద ఫీజు, హాస్టలు, వీసా అన్నీ కూడి అడుగున గీత గీసి మొత్తం రాశారు. నాన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చాక బండి స్టార్ట్ చేయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కాగితం మీద అంకె చూసి కాదు, ఆయన్ని చూసి. అయితే ఆ బ్రోచర్లు నాకు ఒక మేలు చేశాయి, అది తర్వాత చెప్తాను.

ఇంట్లో తేలాల్సింది లాంగ్ టర్మ్. అంటే నీట్‌కి ఇంకో ఏడాది కోచింగ్, హాస్టల్‌తో కలిపి లక్షా ఇరవై వేలు అన్నారు. నాన్న అప్పుకి కూడా అడిగిపెట్టాడు. నాకు డాక్టర్ అవ్వాలని లేదని చెప్పడానికి వారం రోజులు నోరు పెగల్లేదు. జులై మొదటి వారంలో ఒక రాత్రి ధైర్యం చేసి, జెరాక్స్ షాపులో తీయించిన ఒక పేజీ ఆయన ముందు పెట్టాను. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిన పరిశోధన పత్రంలోది ఆ పేజీ. నాడీకణం పొరని వాళ్లొక సర్క్యూట్‌గా గీశారు. ఒక కెపాసిటర్, దానికి సమాంతరంగా మూడు దారులు, ఒక్కో దారిలో ఒక రెసిస్టెన్సు, ఒక బ్యాటరీ.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో అన్నం ముద్ద అలాగే పట్టుకుని చూశాడు.

"ఇదెక్కడిది?"

"మన ఒంట్లోదే నాన్నా. ఒక్కో నరం ఇలా ఉంటుంది."

"ఈ రెండింటికీ బాణం గుర్తుంది. అంటే మారే రెసిస్టెన్సులు. మూడోది మారదు. దేన్ని బట్టి మారతాయివి?"

"వోల్టేజీని బట్టి."

"వోల్టేజి ఎంత?"

"మైనస్ డెబ్బై మిల్లీవోల్టులు."

"టార్చి సెల్లు ఒకటిన్నర వోల్టు కదే. దాన్లో ఇరవయ్యో వంతు కూడా లేదు. దాంతోనే ఇంత పనా?" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, ఇంకాసేపు పేజీ చూసి, "ఇది మా పనే కదా, ఇన్నాళ్లూ చెప్పవేం" అన్నాడు. లాంగ్ టర్మ్ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. అమ్మకి మాత్రం దిగులు పోలేదు. "దీనికి ఉద్యోగం ఏటొస్తాది" అని ఇప్పటికీ అడుగుతుంది. అది అడగాల్సిన ప్రశ్నే, నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు.

ఇక డిగ్రీ అడ్మిషన్. రాష్ట్రంలో డిగ్రీ కాలేజీలన్నిటికీ ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు, మాకు 300 రూపాయలు. అప్పుడున్నది ఒక్క సబ్జెక్టునే ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి కాబట్టి ప్రతి ఆప్షన్‌లోనూ కాలేజీ, మేజర్ జంటగా ఎంచుకోవాల్సి వచ్చింది. న్యూరోసైన్స్ అనే మేజర్ నేను వెతికిన జాబితాలో ఎక్కడా లేదు. ఆప్షన్లు పెట్టేముందు నాలుగు కాలేజీలకి స్వయంగా వెళ్లాను. ఒకచోట ఆఫీసు కిటికీలోంచి "న్యూరో అంటే ఎంబీబీఎస్ తర్వాత కదమ్మా" అని కిటికీ వేసేశారు. ఇంకోచోట జువాలజీ మేడమ్ నన్ను కూర్చోబెట్టి, మా సిలబస్‌లో నాడీవ్యవస్థ ఎన్ని పేజీలో పుస్తకం తిరగేసి చూపించారు. అవి చాలా తక్కువే. "మిగతాది నువ్వు కట్టుకోవాలి, నేను ల్యాబ్ తలుపు తీసి ఉంచుతాను" అన్నారు. పేరున్న కాలేజీలో బయోటెక్నాలజీని పక్కనపెట్టి ఆ మేడమ్ ఉన్న కాలేజీ జువాలజీని రెండో ఆప్షన్‌గా పెట్టాను. అదే వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను ఏడాదికి చేతి నుంచి కట్టింది నాలుగు వేల చిల్లర.

బ్రోచర్లు చేసిన మేలు ఇక్కడే. విదేశాల్లో ఆ డిగ్రీలో నాలుగేళ్లూ ఏమేం చదువుతారో వాటిలో సెమిస్టర్ల వారీగా ఉంది. చూస్తే, మొదటి రెండేళ్లలో న్యూరోసైన్స్ దాదాపు లేనే లేదు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, క్యాల్క్యులస్, స్టాటిస్టిక్స్, కొంచెం సైకాలజీ, కొంచెం ప్రోగ్రామింగ్. మూడో ఏట గానీ కణం స్థాయిలో మెదడు, చూపూ కదలికా లాంటి వ్యవస్థల పాఠాలు మొదలుకావు. నాలుగో ఏడు ల్యాబ్‌లో ప్రాజెక్టు. అంటే పునాదంతా మన ఊళ్లోనే వేసుకోవచ్చు. పాత క్యాలెండర్ షీటు వెనక్కి తిప్పి, ఏడాదికొకటి చొప్పున నాలుగు నిలువు గడులు గీశాను. వాళ్ల దగ్గరున్నది నల్ల పెన్నుతో, మా డిగ్రీలో దొరికేది నీలం పెన్నుతో రాస్తూ వచ్చాను. నల్ల పెన్ను పక్కన నీలం లేని ఖాళీలు బయటపడ్డాయి. వాటన్నిటిలోకీ పెద్ద ఖాళీ లెక్కలు.

జులై నెలాఖరుకి క్లాసులో కూర్చున్నాను. మొదటి సెమిస్టర్ బయాలజీ చాలావరకు ఇంటర్ పాఠాలే మళ్లీ. విసుగొచ్చింది గానీ ఆ తీరిక నాకు కలిసొచ్చింది. పాత తెలుగు అకాడమీ లెక్కల పుస్తకాలు, 1ఏ, 1బి, 2ఏ, 2బి, నాలుగూ కలిపి 350కి కొన్నాను. వెనకాల ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో చేసుకున్న లెక్కలున్నాయి, వాటిలో కొన్ని తప్పులు. ఆ తప్పుల్ని పట్టుకోగలిగిన రోజున నాకొచ్చిన సంతోషం ఏ పరీక్షలోనూ రాలేదు.

ఒక చిన్న తలనొప్పి కూడా చెప్పాలి. క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఐడీ అందరూ తీసుకోమన్నారు. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టెన్త్ మెమోలో పొడి అక్షరమే. ఐడీ రాలేదు. ఆధార్ సెంటర్లో అప్పట్లో ఉన్న 50 రూపాయలు కట్టి మార్పించుకోవడం చిన్న పనే, కానీ మారిన పేరు కనబడడానికి 19 రోజులు పట్టింది. అడ్మిషన్‌కి ముందే మీ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని పేరు ఒక్కో అక్షరం సరిచూసుకోండి.

అక్టోబర్‌లో అనుకుంటా, డెబ్బై సంగతి మొదటిసారి కొంత తెలిసింది. ఐఐటీ మద్రాస్ ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి గారు మెదడు మీద ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో చెప్పిన పాఠాలు రాత్రిపూట వినేదాన్ని. ఫోన్ డేటా ఖర్చు తప్ప వినడానికి రూపాయి అక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకుంటేనే వెయ్యి రూపాయలు. ఆ ఊపులోనే ఫిజియాలజీ పుస్తకం తీసి, పొరకి లోపలా బయటా ఒక అయాను ఎంతుందో దాన్ని బట్టి వోల్టేజి చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం పట్టుకున్నాను. కణం లోపల పొటాషియం గాఢత 140 మిల్లీమోలార్ దాకా, బయట ఐదు. నిష్పత్తికి లాగ్ తీసి 61తో గుణిస్తే మైనస్ 88 వచ్చింది. సోడియానికి అదే లెక్క వేస్తే ప్లస్ 60 దగ్గరికి వచ్చింది. విశ్రాంతిలో పొర పొటాషియాన్ని బాగా వదులుతుంది, సోడియాన్ని చాలా కొంచెమే. అందుకే వోల్టేజి ఆ రెండిటి మధ్యలో, పొటాషియం వైపుకి బాగా జరిగి, డెబ్బై దగ్గర నిలుస్తుంది. కెమిస్ట్రీలో పీహెచ్ కోసం నేర్చుకున్న లాగే ఇది. ఇంటర్ క్లాసులో పది నిమిషాల్లో చెప్పొచ్చు. తెల్లారాక నాన్నకి చెప్తే, "రెండు బ్యాటరీలు ఎదురెదురుగా పెట్టినట్టు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

రెండో సెమిస్టర్ నుంచి మైనర్, అంటే మేజర్‌కి తోడుగా చదివే రెండో సబ్జెక్టు, మొదలైంది. నేను లెక్కలు కోరుకున్నాను. ఇంటర్‌లో మ్యాథ్స్ లేనివాళ్లకి ఇవ్వడం కుదరదన్నారు. నేను నాలుగు పుస్తకాల్లో రెండున్నర పూర్తి చేశానని నోట్సు చూపించాను. ఆ నోట్సు తెరిచి కూడా చూడలేదు. రూలుకి అడ్డు చెప్పలేం, కానీ ఒక్కసారి తెరిచి చూసి ఉంటే బాగుండేది. ఆ రోజు బీచ్ రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. మర్నాడు కంప్యూటర్ అప్లికేషన్స్ మైనర్‌కి సంతకం పెట్టాను. పది రోజుల తర్వాత లెక్కల డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్‌ని కలిసి, ఆయన చెప్పే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటానని అడిగాను. "అటెండెన్స్ ఉండదు, మార్కులుండవు, మరెందుకమ్మా?" అన్నారు. ఆ జెరాక్స్ పేజీ చూపించాను. "కూర్చో" అన్నారు. వారానికి మూడు రోజులు, నా జువాలజీ రికార్డు రాసుకునే గంటలో, మే దాకా కూర్చున్నాను.

ఆ జెరాక్స్ పేజీలో సర్క్యూట్ గీయడానికి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ వాడింది స్క్విడ్ అనే సముద్రజీవి నరం. మన నరాల పోగులు మైక్రాన్లలో కొలిచేంత సన్నం, స్క్విడ్ మాంటిల్‌లో, అంటే దాని ఒంటిని చుట్టి ఉండే కండ గోడలో, ఉండే పెద్ద పోగు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. అందుకే దాని లోపలికి తీగ పంపగలిగారు. 1963లో వాళ్లకి నోబెల్ వచ్చింది. ఇది చదివినప్పుడు నాకొచ్చిన ఆలోచన ఒకటే: స్క్విడ్ మన ఫిషింగ్ హార్బర్‌లో దొరుకుతుంది కదా!

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున అమ్మతో వెళ్లాను. గంప ముందు కూర్చున్న మామ్మ, "ఏటమ్మా, కూరకా? ఇది మనోళ్లు పెద్దగా తినరు, ఎగుమతికెల్తాది" అంది. చదువుకోసమని చెబితే తాజావి ఏరి ఇచ్చింది. అరకిలో 120. ల్యాబ్‌లో మేడమ్ ముందు ట్రేలో పెట్టి మాంటిల్‌ని పొడుగునా కోసి తెరిచాను. లోపలి గోడ తడిగా, ముత్యం రంగులో ఉంది. అటూ ఇటూ రెండు వైపులా, చిన్న నక్షత్రం అతికించినట్టు ఒక తెల్లటి ముడి, దాన్నుంచి విసనకర్ర పుల్లల్లా దారాలు కండలోకి పాకుతున్నాయి. అదే స్టెల్లేట్ గ్యాంగ్లియాన్. ఆ దారాల్లో చివరిది, అన్నిటికంటే లావుది, సూదితో మెల్లగా ఎత్తాను. కళ్లతోనే కనబడుతున్న నరం. డెబ్బై ఏళ్ల క్రితం ఎవరో ఇలాంటి పోగులోకే తీగ దించి మైనస్ అంకె చదివారు. నా చెయ్యి వణికి దారం తెగిపోయింది. రెండోదాంట్లో తెగలేదు. మేడమ్ ఆ రోజు వేరే పని పెట్టుకోకుండా మధ్యాహ్నం రెండింటిదాకా నాతోనే ఉన్నారు.

మేలో పరీక్షలయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 4 క్రెడిట్లు. చాలామంది ఏదో ఒక ఫారం నింపి ఇచ్చేస్తారు. నేను మూర్ఛ తీసుకున్నాను. మత్స్యకారుల పేటలో ఇల్లిల్లూ తిరిగి, ఫిట్స్ వస్తే ఏం చేస్తారని అడిగాను. తాళాల గుత్తి చేతిలో పెడతామని దాదాపు ప్రతి ఇంట్లోనూ చెప్పారు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, టైం చూసుకోవాలి, 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్లాలి అని నేను చెప్పాను. ఒకావిడ అంతా విని, "మా ఓడికి పదేళ్లనుంచి వస్తన్నాయి. ఎందుకొస్తాయో చెప్పినోళ్లు లేరు తల్లీ" అంది. నాడీకణాలు ఒక్కసారిగా, ఒకేలా మోగిపోవడం అని నాకు తోచినట్టు చెప్పాను. ఆవిడ బుర్ర ఊపింది. నేను చెప్పింది చాలదని నాకు తెలుసు.

2025 జులైలో, రాత్రి ఫోన్‌లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో హాడ్జ్‌కిన్, హక్స్‌లీల నాలుగు సమీకరణాలూ రాశాను. మొదట వోల్టేజి గీత అడ్డంగా, చచ్చినట్టు ఉండిపోయింది. ఎక్కడో ఒక మైనస్ గుర్తు వదిలేశాను. అది దొరకడానికి నాలుగు రాత్రులు పట్టింది. దిద్దాక గీత లేచింది, సున్నా దాటి పైకెళ్లి, కిందికి దిగి, మొదలైన చోటికంటే ఇంకాస్త లోతుకి జారి, మెల్లగా తేరుకుంది. ఇంటర్‌లో నాలుగు మార్కుల కోసం గీసిన బొమ్మే.

ఇప్పుడు క్యాలెండర్ షీటు మీద మూడు గడులు చాలావరకు నిండాయి. మూడో సెమిస్టర్‌లో ఎన్‌పీటీఎల్ పరీక్ష ఒకటి రాయాలి. నవంబర్‌లోగా సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టాలి. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రాసుకున్నాను. నాలుగో గడి మాత్రం ఇంకా పెన్సిల్‌తోనే ఉంది. నాలుగో ఏడు రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి, అది నా చేతుల్లో ఉంది. కానీ పరిశోధన చేయించగల గైడ్, ల్యాబ్ కూడా కావాలి, అవి మా కాలేజీలో లేవు. సింగిల్ మేజర్‌లో మా కంటే ముందున్నది ఒక్క బ్యాచే, వాళ్లు కూడా 2025 నాటికి నాలుగో ఏటికి రాలేదు. అడిగి తెలుసుకుందామంటే మనిషి లేకపోయాడు.

అందుకని జులై 8న యూనివర్సిటీలో ఒక మేడమ్‌కి ఉత్తరం లాంటి మెయిల్ రాశాను. స్క్విడ్ ఫొటో, పైథాన్ గీత, మార్కులు జతచేశాను. వారం చూశాను. రెండు వారాలు చూశాను. రోజూ అన్నం తినేముందు ఇన్‌బాక్స్ తెరవడం అలవాటైపోయింది. 23వ రోజు రెండు వరుసల జవాబు వచ్చింది. గురువారం పదకొండింటికి రమ్మన్నారు, నాలుగేళ్ల ప్లాన్ ఏదైనా ఉంటే తెమ్మన్నారు.

నాన్న ఆ రోజుకి సెకండ్ షిఫ్టు మార్పించుకున్నాడు. క్యాలెండర్ షీటుని చుట్టి, వానకి తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టి, రెండు చివరలా ఇన్సులేషన్ టేపు వేశాడు.